కారు పెయింటు పాలిష్: ఎంత రుద్దాలి, ఎక్కడ ఆపాలి

అనంతపురంలో తిరిగే ఏ నల్ల కారునైనా, ముదురు నీలం కారునైనా సాయంత్రం ఎండలో దగ్గరగా చూడండి. కొని రెండేళ్లు దాటి ఉంటే చాలు, బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు గుండ్రంగా అల్లుకుని కనిపిస్తాయి. దుమ్ము పేరుకుందేమో అనుకుని ఓనరు ఇంకోసారి గుడ్డతో తుడుస్తాడు. గీతలు పెరుగుతాయే తప్ప తగ్గవు. ఆ తర్వాత ఎవరో ఒకరు "ఒక్కసారి పాలిష్ కొట్టించన్నా, షోరూమ్ బండిలా అయిపోతుంది" అంటారు. కొట్టిస్తే నిజంగానే మెరుస్తుంది. కొన్ని నెలలు తిరక్కముందే అవే గీతలు మళ్లీ వస్తాయి. మళ్లీ పాలిష్ కొట్టిస్తారు.

కారును ఇష్టంగా చూసుకునేవాళ్లే ఎక్కువగా ఈ తిప్పలు పడుతుంటారు. పాలిష్, వాక్స్, టెఫ్లాన్, సిరామిక్, గ్రాఫీన్, పీపీఎఫ్ అంటూ షాపులో వినిపించే మాటలన్నీ ఒకే పనికి వేర్వేరు రేట్లు అన్నట్టు ఉంటాయి. అసలు అక్కడ జరిగే పనులు రెండే. పెయింటు పైపొరను కొద్దిగా అరగదీసి నునుపు చేయడం ఒకటి. ఆ పైపొర మీద ఇంకో పొర వేసి దాన్ని కాపాడటం రెండోది. మొదటిది ఉన్నదాన్ని తీసే పని, రెండోది లేనిదాన్ని వేసే పని. రాయలసీమ ఎండకు, దుమ్ముకు, బోరు నీళ్లకు తీసే పని ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. వేసే పని మాత్రం క్రమం తప్పకూడదు. ఈ రెండింటికంటే ముందు కారును కడిగే, తుడిచే అలవాటు మారాలి. అది మారకుండా ఎంత ఖరీదైన పాలిష్ కొట్టించినా డబ్బుతో పాటు పెయింటూ పోతుంది.

పైపొర మందం ఎంత

తాడిపత్రిలోనో, బేతంచెర్లలోనో బండల పాలిషింగ్ యూనిట్ చూసినవాళ్లకు పాలిష్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మొదట గరుకు రాయితో బండ ఎగుడుదిగుళ్లను అరగదీస్తారు. ఆ రాయి మిగిల్చిన గీతలను ఇంకాస్త నునుపు రాయితో, దాని గీతలను అంతకంటే నునుపైన దానితో తీసుకుంటూ పోతారు. చివరికి గీతలు కంటికి అందనంత సన్నబడతాయి. పడిన వెలుతురు చెదిరిపోకుండా నేరుగా తిరిగి వస్తుంది. దాన్నే మనం మెరుపు అంటాం. కారు పెయింటుకు జరిగేదీ అచ్చంగా ఇదే. తేడా అంతా మందంలో ఉంది. బండను ఎంత రుద్దినా అరిగేది లెక్కలోకి రాదు. కారుకు అలా కాదు.

కారు రేకు మీద మొదట ఈ-కోట్ ఉంటుంది. బాడీ మొత్తాన్ని పెద్ద తొట్టిలో ముంచి, కరెంటు పంపి పట్టించే పొర ఇది. తుప్పును ఆపేది ఇదే. దాని మీద ప్రైమర్, ఆ పైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్ వేస్తారు. ఈ పొరలన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే మనం రుద్దేది, మెరిపించేది అంతా వెంట్రుకలో సగం మందం ఉన్న పొర మీద.

మెరుపుతో పాటు క్లియర్ కోట్‌కు ఇంకో బాధ్యత ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, కింది రంగు వెలిసిపోకుండా చూసే రసాయనాలు ఇందులోనే ఉంటాయి. ఈ పొర పలచబడితే ఆ కాపలా కూడా పలచబడుతుంది. మెషిన్ మీద ముతక కాంపౌండ్‌తో, అంటే గరుకు పాలిష్ పేస్టుతో, ఒకసారి గట్టిగా రుద్దితే 2 నుంచి 5 మైక్రాన్ల దాకా పోవచ్చు. సన్నటి ఫినిషింగ్ పాలిష్ అయితే పోయేది ఒక మైక్రాన్ అటూ ఇటూ. కారు ఉన్నంతకాలంలో మొత్తం మీద క్లియర్ కోట్‌లో పావు వంతుకు మించి తీయకపోవడం క్షేమం. లెక్క వేసుకోండి. 40 మైక్రాన్లలో పావు వంతు అంటే పది. ఏడాదికి రెండుసార్లు కాంపౌండ్ కొట్టిస్తే ఆ పది ఏడాది నుంచి రెండున్నరేళ్లలో అయిపోతాయి.

అయిపోయాక ఏమవుతుందో మన రోడ్ల మీదే కనిపిస్తుంది. పాత కార్ల టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొలుసులు లేచిన మచ్చలు చూసే ఉంటారు. ఎండకు దెబ్బతిన్న క్లియర్ కోట్ కింది పొర నుంచి ఊడిపోతున్న గుర్తు అది. అక్కడ పాలిష్ చేసినా, వాక్స్ పెట్టినా, కోటింగ్ వేసినా లాభం లేదు. ఆ భాగానికి మళ్లీ పెయింటు వేయించడం ఒక్కటే దారి. ఆ మచ్చ మీద పాలిష్ కొట్టి బాగుచేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

కొన్ని పాత కార్లలో, కొన్ని సాదా రంగుల్లో క్లియర్ కోట్ విడిగా ఉండదు, రంగే పైపొర. కనపడని చోట కాస్త పాలిష్ పెట్టి తెల్ల గుడ్డతో రుద్దితే, కారు రంగు గుడ్డకు అంటుకుంటుంది. అలాంటి కారుకు అది మామూలే. మెటాలిక్ రంగు కారుకు మాత్రం గుడ్డకు రంగు అంటిందంటే క్లియర్ కోట్ దాటి లోపలికి వెళ్లిపోయారన్నమాట, వెంటనే ఆపేయండి.

ఆ గీతలు వేస్తున్నది మనమే

గుండ్రంగా కనిపించే ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుతురుకు అడ్డంగా ఉన్న గీతలే మన కంటికి మెరుస్తాయి కాబట్టి, ఆ వెలుగు చుట్టూ వలయంలా అనిపిస్తాయి. కార్లను శుభ్రం చేసి మెరిపించే డిటైలింగ్ షాపుల్లో వీటిని స్విర్ల్ మార్కులు అంటారు. తెల్ల కార్ల మీద కూడా అంతే ఉంటాయి, కాకపోతే కనపడవు. మన దగ్గర తెల్ల కార్లు ఎక్కువ కావడం వల్ల చాలామందికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

మన మట్టిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద క్వార్ట్జ్‌ది 7. కిటికీ అద్దం, ఉక్కు కత్తి 5.5 దగ్గర ఉంటాయి. అద్దాన్నే గీయగల రేణువుకు క్లియర్ కోట్ ఒక లెక్క కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా రామగిరి, నల్లకొండ కొండల మీద గాలిమరలను తిప్పే గాలే ఈ ఎర్ర దుమ్మును తెచ్చి మన కార్ల మీద పరుస్తుంది. దుమ్ము దానంతట అది పడి ఉంటే నష్టం లేదు. పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరే హడావిడిలో పాత బనియన్ ముక్కతోనో, చిరిగిన లుంగీతోనో, కర్ర డస్టర్‌తోనో దాన్ని పొడిగా ఈడ్చినప్పుడే గీత పడుతుంది. అపార్టుమెంట్లలో నెలకింత అని మాట్లాడుకుని రోజూ కార్లు తుడిపించుకుంటారు. ఒకే బకెట్టు నీళ్లు, ఒకే గుడ్డ, పది కార్లు. మొదటి కారు మట్టి పదో కారు దాకా ప్రయాణిస్తుంది. ఆ పనిచేసే మనిషిని తప్పుపట్టడానికి లేదు, అతనికి ఇచ్చిన సామానే అది. మీ కారుకు వేరే గుడ్డలు ఇచ్చి, పొడిగా తుడవొద్దని చెబితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో చూడాల్సినవి రెండు. చక్రాలు రుద్దిన స్పాంజితోనే డోర్లు రుద్దుతున్నారా? కింద పడిన గుడ్డను విదిలించి మళ్లీ వాడుతున్నారా? ఈ రెండూ జరుగుతుంటే ప్రెషర్‌తో నీళ్లు మాత్రం కొట్టించుకుని, మిగతా పని ఇంటికొచ్చి చేసుకోవడం మేలు. మెరుపు కోసం చివర్లో డీజిలో కిరోసినో కలిపిన గుడ్డతో తుడిచే అలవాటు కూడా కొన్నిచోట్ల ఉంది. నూనె జిడ్డు ఒకటి రెండు రోజులు నిగనిగలాడుతుంది. ఆ జిడ్డుకే దుమ్ము గట్టిగా పట్టుకుంటుంది, రబ్బరు బీడింగులు ఉబ్బి పాడవుతాయి. వద్దని ముందే చెప్పేయండి.

తక్కువ నీళ్లతో కడగడం

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పైపు వదిలేసి కారు కడిగితే వందల లీటర్లు ఇట్టే పోతాయి. నీళ్ల విలువ తెలిసిన చోట అలా కడగమని చెప్పడానికి నాకు మనసొప్పదు. దానికి అవసరం కూడా లేదు.

రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. కారు నీడలో ఉండాలి, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ముందు మగ్గుతోనో, పంపుతోనో నీళ్లు పోసి, చెయ్యి పెట్టకుండానే ఊడిపోయే మట్టిని ఊడనివ్వండి. ఇదే ముఖ్యం, దీన్నే చాలామంది వదిలేస్తారు. తర్వాత మైక్రోఫైబర్ గ్లవ్‌ను షాంపూ నీళ్లలో ముంచి టాప్ నుంచి మొదలుపెట్టి కిందికి రండి. ఒక ప్యానెల్ అయ్యాక గ్లవ్‌ను మామూలు నీళ్ల బకెట్టులో జాడించి, మట్టి వదిలించాకే మళ్లీ షాంపూలో ముంచండి. డోర్ల కింది భాగం, బంపర్లు ఆఖరున. చక్రాలకు వేరే గుడ్డ, వేరే నీళ్లు.

బట్టల సర్ఫు, గిన్నెల సబ్బు వద్దు. అవి క్లియర్ కోట్‌ను కరిగించేస్తాయని కొందరు భయపెడతారు, అంత ఉండదు. కానీ జిడ్డు వదిలించడానికే పుట్టిన సబ్బు మీరు వేసుకున్న వాక్స్‌ను కూడా వదిలిస్తుంది.

దుమ్ము పలచగా ఉన్న రోజుల్లో రిన్స్‌లెస్ వాష్ అనే ద్రవం బాగా పనికొస్తుంది. బకెట్టు నీళ్లలో కొద్దిగా కలిపి, అందులో ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు నానేసి, ఒక్కో గుడ్డను ఒక్కో వైపు మడతతో వాడుతూ పోవడమే. మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేదు, పది లీటర్లలోపే కారు శుభ్రమవుతుంది. మన ప్రాంతానికి ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు కనపడలేదు. అయితే మట్టిరోడ్డు మీద తిరిగొచ్చిన కారుకో, వానలో బురద కొట్టుకున్న కారుకో ఇది చాలదు, ముందు నీళ్లు పోయాల్సిందే.

బోరు నీళ్ల మచ్చలు

అనంతపురం, కడప, కర్నూలు ఇళ్లలో గీజర్ కాయిల్ మీద, నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర అందరికీ తెలుసు. బోరు నీళ్లలో కరిగి ఉన్న క్యాల్షియం, మెగ్నీషియం లవణాలవి. కారు కడిగి ఎండలో ఆరనిస్తే నీరు ఆవిరై, ఆ లవణాలు మాత్రం బొట్టు బొట్టుకూ ఒక ఉంగరంలా పెయింటు మీద మిగులుతాయి. ఒకటి రెండు రోజుల మచ్చ తడిగుడ్డకో, షాంపూకో పోవచ్చు. వారాల తరబడి ఎండలో కాలిన మచ్చ క్లియర్ కోట్‌లోకి దిగి చిన్న గుంటలా మారుతుంది. అప్పుడు పాలిష్ తప్పదు.

మచ్చ పైపైన ఉందో, లోపలికి దిగిందో తెలుసుకోవడానికి తెల్ల వెనిగర్ చాలు. దానికి సమానంగా మంచినీళ్లు కలిపి, గుడ్డతో తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి, మెల్లగా తుడిచి, నీళ్లతో బాగా కడిగేయండి. క్యాల్షియం పొర ఆమ్లానికి కరుగుతుంది. ఇంకా మచ్చ నీడలా మిగిలితే అది గుంట. చల్లటి ప్యానెల్ మీదే చేయాలి, వెనిగర్‌ను ఆరనివ్వకూడదు. నిమ్మచెక్క నేరుగా పెట్టి రుద్దడం మాత్రం వద్దు, ఆమ్లం ఎంత పడుతుందో మన అదుపులో ఉండదు.

అసలు మచ్చలే పడకుండా ఉండాలంటే కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టాలి. చివరి జాడింపుకు ఒక బకెట్టు ఆర్వో నీళ్లు వాడితే ఇంకా మంచిది. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. నీళ్లు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతో ఆర్వో మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు పట్టి కారు కడుగుతారు. ఆ నీళ్లలో లవణాలు బోరు నీళ్లకంటే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే శుద్ధి చేసిన నీటిలోంచి తీసినవన్నీ అందులోకే చేరతాయి. బాత్రూము కడగడానికి వాడుకోండి, కారుకు వద్దు.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర పనిచేసేవాళ్లకు ఇంకో ఇబ్బంది. సిమెంటు దుమ్ము మీద రాత్రి మంచు పడితే అది గట్టిపడుతుంది. దాన్ని గోకకూడదు, పొడిగా తుడవకూడదు. ఏ రోజు దుమ్మును ఆ రోజే నీళ్లతో దులిపేయడం ఉత్తమం, గట్టిపడితే పైన చెప్పిన వెనిగర్ నీళ్లే దారి.

పిట్టల రెట్టలు, వేప బంక కూడా చెప్పుకోవాలి. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది, సాయంత్రం చల్లబడి బిగుసుకుంటుంది. మధ్యలో రెట్ట ఎండి ఉంటే, పెయింటు దాని ఆకారానికే బిగుసుకుని అక్కడ గుర్తు మిగిలిపోతుంది. మే నెలలో ఒక్క మధ్యాహ్నం చాలు. తడిగుడ్డ పరిచి అయిదు నిమిషాలు నాననిచ్చి ఎత్తేయండి, రుద్దకండి. బంకను కూడా ఇలాగే తడిగుడ్డతో నాననిచ్చి మెల్లగా తీసేయండి.

ఇంట్లో పాలిష్ చేసుకోవడం

ముందు నిజంగా పాలిష్ అవసరమా అని చూడండి. గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు తగులుకుంటే అది పాలిష్‌కు పోయే లోతు దాటింది. దాన్ని పూర్తిగా తీయాలని అదే చోట రుద్దుతూ పోతే క్లియర్ కోట్ తూట్లు పడుతుంది. గోరుకు తగలని సన్నగీతలు, నీటి మచ్చలు మిగిల్చిన గుంటలు, మసకబారడం, ఇవే పాలిష్‌కు పనులు.

పనికి తగిన కాలం నవంబరు నుంచి జనవరి. వేసవిలో పొద్దెక్కితే రేకు కాలిపోతుంది, పాలిష్ రాసిన వెంటనే ఎండి పెచ్చులు కడుతుంది. గాలి సీజన్‌లో బయట చేస్తే ఎగిరొచ్చిన దుమ్మే ప్యాడ్ కింద చేరి, తీసిన గీతలకంటే ఎక్కువ వేస్తుంది. షట్టర్ దించే పోర్టికో ఉంటే అదే మంచి చోటు.

కడిగి ఆరబెట్టాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద తడిమి చూడండి. గరగరలాడితే కడిగినా పోని మురికి అంటుకుని ఉంది. గుంతకల్లు స్టేషన్ పార్కింగులో రోజూ నిలబడే కార్లకు, వెల్డింగ్ షాపు ఎదుట నిలిపే కార్లకు ఇనుప రజను గుచ్చుకుని ఉంటుంది. తెల్ల కారు మీద సన్నటి గోధుమరంగు చుక్కలుగా కనిపించేది అదే. ఇనుప రజనును వదిలించే ఐరన్ రిమూవర్ ద్రవం చల్లితే ఆ చుక్కల దగ్గర ఊదారంగు కారుతుంది, నీళ్లతో కడిగేయాలి. మిగిలిన గరుకుకు క్లే బార్ వాడాలి, అది మురికిని తనకు అంటించుకునే మెత్తటి మట్టిముద్ద లాంటిది. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ, ఒత్తకుండా జార్చాలి. కింద పడిన క్లే ముక్కను మాత్రం పారేయాల్సిందే, దానికి అంటిన ఇసుకను ఎవరూ పూర్తిగా ఏరలేరు.

తర్వాత ప్లాస్టిక్ భాగాలకు, రబ్బరు బీడింగులకు, ప్యానెళ్ల అంచులకు పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు అంటించండి. అంచుల్లో పెయింటు పలచగా ఉంటుంది, తొందరగా అరిగేది అక్కడే. నల్ల ప్లాస్టిక్ మీద పాలిష్ ఎండితే ఆ తెలుపు ఒక పట్టాన వదలదు.

ఇప్పుడు ఏ సీసా తెరవాలి? రబ్బింగ్ కాంపౌండ్ ముతకది, పాలిష్ మధ్యరకం, ఫినిషింగ్ పాలిష్ సన్నది. బండల పనిలో ముతక నుంచి సన్నానికి వెళ్తారు. కారు విషయంలో సన్నదానితో మొదలుపెట్టి, అది చాలకపోతేనే ఒక మెట్టు ముతక వైపు వెళ్లాలి. బానెట్ మీద అడుగు చదరం టేపుతో గుర్తు పెట్టుకుని, అక్కడ ఫినిషింగ్ పాలిష్‌తో ప్రయత్నించండి. ఫోను టార్చి వేసి చూడండి. ఎనభై శాతం గీతలు పోతే చాలు, మిగతా ఇరవై కోసం ముతకదాని జోలికి వెళ్లకపోవడమే తెలివి. రోడ్డు మీద తిరిగే కారుకు ఎగ్జిబిషన్ మెరుపు అక్కర్లేదు.

చేత్తో చేసేటప్పుడు ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత పాలిష్ మూడు నాలుగు చుక్కలు పెట్టి, అడుగున్నర చదరంలో పని చేయండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఒక వరస మీద ఇంకో వరస సగం పడేలా సమానమైన ఒత్తిడితో రుద్దండి. నాలుగైదు సార్లయ్యాక ఎండకముందే శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచేయండి. చేతి పని నిదానం, భుజాలు నొప్పెడతాయి, లోతైన గీతలు పోవు. కానీ చేత్తో పెయింటును పాడుచేయడం కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చేతినే సిఫారసు చేస్తాను.

మెషిన్ కొనాలనుకుంటే డ్యుయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి. దీని ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది, వేడి ఒకేచోట పోగవదు. ఒకే ఇరుసు మీద తిరిగే రోటరీ మెషిన్ అనుభవం ఉన్నవాళ్లకు. రాతి పని, గ్రానైట్ పని ఎక్కువగా ఉన్న మన ఊళ్లలో యాంగిల్ గ్రైండర్ సులభంగా దొరుకుతుంది, దానికే బఫింగ్ ప్యాడ్ తగిలించి కారు మీద పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చిన్న గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దగ్గర తిరుగుతుంది. రోటరీ పాలిషర్లు పనిచేసే వేగం 600 నుంచి 3,000 చుట్లు. ఆ తేడాకు పెయింటు కొన్ని క్షణాల్లో కాలి, కింది ప్రైమర్ బయటపడుతుంది.

టూత్‌పేస్టు సంగతి అందరూ అడుగుతారు. అందులో పళ్లు తోమే సన్నటి పొడి ఉంటుంది కాబట్టి చిన్న గీతను అది కొంత తగ్గించే మాట నిజమే. ఆ పొడి ఎంత ముతకో ప్యాకెట్టు మీద రాసి ఉండదు, రుద్దిన చోట మసక మిగలొచ్చు. చిన్న పాలిష్ సీసాకు పెద్ద ఖర్చేమీ కాదు, దాన్నే కొనుక్కోండి.

పాలిష్ అయ్యాక ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు (తొందరగా ఆవిరైపోయే స్పిరిట్ లాంటి ద్రవం) నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి మొత్తం తుడవండి. చాలా పాలిష్‌లలో నూనెలు, గీతల్లో నిండి వాటిని దాచేసే పదార్థాలు ఉంటాయి. అవి పోతేనే గీత నిజంగా పోయిందో, కప్పబడిందో తెలుస్తుంది. షాపులో చేయించిన పాలిష్ నాలుగైదు వాషులకే పోయి, పాత గీతలు బయటపడటానికి తరచుగా ఇదే కారణం. డెలివరీ తీసుకునే ముందు ఒక ప్యానెల్‌ను ఇలా తుడిచి చూపించమని అడగండి. పని సరిగా చేసినవాళ్లు కాదనరు.

పైన ఏ పొర వేయాలి

పాలిష్ చేసిన క్లియర్ కోట్‌ను అలాగే వదిలేయకూడదు. కార్నౌబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. ముదురు రంగులకు మంచి నిగారింపు ఇస్తుంది. స్వచ్ఛమైన కార్నౌబా 82 డిగ్రీలు దాటితేనే కరుగుతుంది గానీ, డబ్బాలో అమ్మే వాక్స్‌లో మెత్తటి నూనెలు, ద్రావకాలు కలిసి ఉంటాయి. మే నెల ఎండలో నల్ల బానెట్ 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మన దగ్గర అది నెలా రెండు నెలలకు మించి నిలవదు.

వాక్స్‌కు బదులు వాడే కృత్రిమ పూత అయిన సింథటిక్ సీలెంట్ మూడు నుంచి ఆరు నెలలు వస్తుంది, రాయడం తేలిక, ధర అందుబాటులో ఉంటుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు నా ఓటు దీనికే. ఏడాదికి మూడుసార్లు సీలెంట్, మధ్యలో కడిగినప్పుడల్లా స్ప్రే సీలెంట్ ఒక పూత వేసుకుంటే మామూలు కారుకు అది చాలు. నీళ్లు చల్లినప్పుడు గుండ్రటి బొట్లుగా నిలవకుండా పరుచుకుపోతుంటే పొర పోయిందని గుర్తు.

సిరామిక్ కోటింగ్ ఇంతకంటే గట్టిది, సిలికా ఆధారంగా తయారై పెయింటుకు అతుక్కుంటుంది. సరిగా వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది, మురికి తేలిగ్గా వదులుతుంది. అమ్మేవాళ్లు చెప్పే 9హెచ్ అనే అంకె మాత్రం పెన్సిల్ గట్టిదనం పరీక్షది. రాళ్లకు, ఖనిజాలకు వాడే మోస్ కొలమానంతో దానికి సంబంధం లేదు. ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లే, మన ఇసుక దుమ్మును పొడిగా ఈడిస్తే దాని మీదా గీతలు పడతాయి. బోరు నీళ్ల మచ్చలు కూడా పడతాయి. నీరు బొట్లుగా నిలుస్తుంది కాబట్టి, ఆరనిస్తే ప్రతి బొట్టూ ఒక ఉంగరం మిగులుస్తుంది. కోటింగ్ వేయించాం కదా అని కడగడంలో అశ్రద్ధ చేసినవాళ్లు ఎక్కువగా బాధపడేది ఇక్కడే. ఇంకో సంగతి, కింద ఉన్న గీతలను తీయకుండా కోటింగ్ వేస్తే అవి దాని కింద అలాగే బిగిసిపోతాయి.

టెఫ్లాన్ కోటింగ్ పేరుతో ఇంకా అమ్ముతున్నారు. వంట పెనానికి ఆ పదార్థాన్ని 300 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి పట్టిస్తారు. కారు పెయింటును అంత వేడి చేస్తే పెయింటే మిగలదు. కారు మీద అది ఇంకో రకం వాక్స్‌లాగే పనిచేస్తుంది, దానికి తగ్గ ధరే ఇవ్వండి.

రాళ్ల దెబ్బలను నిజంగా ఆపేది పీపీఎఫ్ ఒక్కటే. ఇది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉన్న పాలీయురేథేన్ ఫిల్మ్. ఖరీదు ఎక్కువ. 44వ నంబరు హైవే మీద కర్నూలు, హైదరాబాద్, బెంగళూరు తరచూ తిరిగేవాళ్లు ముందు బంపరుకు, బానెట్ ముందు భాగానికి మాత్రం వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఉపయోగం ఎక్కువ భాగం దక్కుతుంది.

కారు కవరు గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. గాలి వీచే చోట, దుమ్ము పట్టిన కారు మీద కవరు వేయడం కంటే ఏమీ వేయకపోవడం మంచిది. కవరు గాలికి కదిలిన ప్రతిసారీ కింది దుమ్మును పెయింటుకు వేసి రుద్దుతుంది. గోడల మధ్య నిలిపే కారుకు, అది కూడా కడిగాక వేస్తే సరే. ఆరుబయట అయితే రేకుల షెడ్డు నీడకు సాటి లేదు.

రీపెయింట్ చేసిన డోరుకు వేరే లెక్క

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ కార్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడైనా, వేరే ఏ ఫ్యాక్టరీలోనైనా రంగు వేసేది సీట్లు, వైర్లు, రబ్బర్లు లేని ఖాళీ బాడీకి. అందుకే క్లియర్ కోట్‌ను 140 డిగ్రీల దగ్గర కాల్చగలుగుతారు. యాక్సిడెంటయిన కారు టింకరింగ్ షాపుకు వెళ్లేటప్పటికి లోపల అన్నీ బిగించి ఉంటాయి, 60, 70 డిగ్రీలకు మించి వేడి చేయలేరు. పెయింటు వేసి వేడి చేసే మూసిన గది, అంటే బూత్, లేని చిన్న షాపుల్లో ఎండకే ఆరబెడతారు. ఆ పెయింటు మెత్తగా ఉంటుంది, లోపలి ద్రావకం వారాల తరబడి మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. దాని మీద వెంటనే వాక్స్, సీలెంట్, కోటింగ్ వేసి మూసేస్తే పైపొర సరిగా గట్టిపడదు, మసకబారొచ్చు. ఒకటి నుంచి మూడు నెలలు ఆగాలి. కచ్చితంగా ఎంత అన్నది వాడిన పెయింటును బట్టి పెయింటరే చెప్పాలి, కారు తీసుకునేటప్పుడే అడిగి పెట్టుకోండి. ఆ లోపు మామూలు నీళ్లతో, షాంపూతో మెల్లగా కడగొచ్చు, ప్రెషర్ పంపు మాత్రం దగ్గరగా పెట్టించకండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఏ డోరుకు, ఏ బంపరుకు రీపెయింట్ అయిందో ముందే కనుక్కుని, పాలిష్ మొదలుపెట్టే రోజు ఆ ప్యానెల్ మీద విడిగా అడుగు చదరం పరీక్ష చేసుకోవాలి. బానెట్ మీద నప్పిన పాలిష్ అక్కడ పెయింటును ఎక్కువ అరగదీయవచ్చు.